పగిలిన పక్క అద్దం

హైదరాబాద్ నుంచి శ్రీశైలం వెళ్లే 765వ నంబర్ జాతీయ రహదారి, జడ్చర్ల నుంచి దేవరకొండ మీదుగా కోదాడ వైపు సాగే 167వ నంబర్ రహదారి తెలంగాణలోని కల్వకుర్తి ప్రాంతంలో ఒకదాన్నొకటి దాటుకుంటాయి. ఈ మెరక నేలంతా రాతి నేల. అడుగున ఉన్న గ్రానైటు, నైసు శిలల వయసు సుమారు 250 కోట్ల ఏళ్లు. ఆ రాయే క్రషర్లలో కంకరగా మారి, టిప్పర్లకెక్కి, రోడ్డు మీద అక్కడక్కడా రాలుతుంది. గ్రానైటులో ఉండే క్వార్ట్జ్ కాఠిన్యం మోస్ కొలమానంలో 7. కారు అద్దానిది 5కూ 6కూ మధ్య. అద్దానికి, కంకర రాయికి పోటీ వస్తే గీత పడేది ఎప్పుడూ అద్దం మీదే.

ఎక్కువగా అమ్ముడయ్యే పెట్రోల్ కారుకు పక్క అద్దం పగిలితే పెద్ద చిక్కేమీ లేదు. కల్వకుర్తి మెకానిక్ హైదరాబాద్‌లోని విడిభాగాల దుకాణానికి ఫోన్ చేస్తే, సుమారు 80 కిలోమీటర్ల దూరం నుంచి అద్దం బస్సులో వచ్చేస్తుంది. అదే అద్దం అరుదైన ఎలక్ట్రిక్ కారుదైతే కథ వేరు. వారాలు గడిచినా బండి తలుపుకు పాలిథిన్ కవరే గతి కావచ్చు. చూసినవాళ్లు ‘కరెంటు బండి కదా, అందుకే’ అనుకుంటారు. నిజానికి మోటారుకు, బ్యాటరీకి ఈ ఆలస్యంతో సంబంధం లేదు. కారణం గాజు తయారయ్యే తీరులో ఉంది, అచ్చుల లెక్కలో ఉంది. ఆ రెండూ తెలిసినవాడు వెతకవలసిన చోట వెతుకుతాడు, అడగవలసిన ప్రశ్న అడుగుతాడు.

బిగువులో పుట్టిన బలం

కారు ముందు అద్దం, పక్క అద్దం ఒకే రకం గాజు కావు. ముందుది లామినేటెడ్: రెండు పలకల మధ్య ప్లాస్టిక్ పొర. రాయి తగిలితే సాలెగూడులా నెర్రెలిస్తుంది గానీ ఊడి పడదు. ఫ్రెంచి కళాకారుడు, రసాయన శాస్త్రవేత్త ఎదువార్ బెనెడిక్టస్ 1909లో పేటెంట్ తీసుకున్న ఆలోచన ఇది. పక్క అద్దం చాలా కార్లలో టఫెన్డ్ గ్లాస్, అంటే టెంపర్ చేసిన ఒంటి పలక. దెబ్బ గట్టిగా తగిలిందంటే క్షణంలో మొత్తం పొడిపొడిగా రాలిపోతుంది.

గాజు ఇంత పెళుసుగా ఎందుకుంటుందో 1920లో ఇంగ్లండ్ ఇంజనీరు అలన్ ఆర్నాల్డ్ గ్రిఫిత్ తేల్చాడు. అణువుల మధ్య బంధాల లెక్క ప్రకారం గాజు చాలా బలమైన పదార్థం. కానీ దాని ఉపరితలమంతా కంటికి కనిపించని సూక్ష్మమైన పగుళ్లు ఉంటాయి. గాజును లాగినప్పుడు ఒత్తిడంతా ఆ పగుళ్ల మొనల దగ్గరే పోగవుతుంది. లెక్కలో వేల మెగాపాస్కల్ ఒత్తిడి తట్టుకోవలసిన పలక, వాడకంలో వందలోపే విరిగిపోతుంది. ఇక్కడొక సంగతి గమనించాలి. పగులు పెరగాలంటే దాన్ని లాగే శక్తి ఉండాలి. దాన్ని రెండు వైపుల నుంచి నొక్కి మూసి ఉంచితే అది పెరగలేదు.

టెంపరింగ్ అంటే ఆ నొక్కుడును గాజులోనే శాశ్వతంగా ఉంచేయడం. పలకను 620 డిగ్రీల సెల్సియస్ పైకి వేడి చేస్తారు. కొలిమి నుంచి తీయగానే రెండు వైపులా వందల నాజిళ్లతో చల్లగాలి కొడతారు. పై పొరలు వెంటనే గట్టిపడతాయి, నడిమి పొర ఇంకా వేడిగానే ఉంటుంది. తర్వాత నడిమి పొర చల్లారుతూ కుంచించుకుపోవాలని చూస్తుంది. అప్పటికే గట్టిపడిన పై పొరలు దాన్ని పోనివ్వవు. కమ్మరి బండి గిర్రకు ఎర్రగా కాల్చిన ఇనుప పట్టా తొడిగి నీళ్లు పోయడం చూసినవాళ్లకు ఈ సంగతి ఇట్టే బోధపడుతుంది. చల్లారే పట్టా తాను బిగుసుకుంటూ కర్రను నొక్కి పట్టినట్టే, చల్లారే నడిమి పొర తాను సాగుడులో ఉండిపోయి పై పొరలను నొక్కి పడుతుంది. కారు అద్దం ఉపరితలం మీద ఈ నొక్కుడు సుమారు 100 మెగాపాస్కల్. మన చుట్టూ ఉన్న గాలి పీడనానికి ఇది దాదాపు వెయ్యి రెట్లు. అందుకే టఫెన్డ్ గ్లాస్ అంతే మందమున్న మామూలు గాజు కంటే నాలుగైదు రెట్లు ఎక్కువ దెబ్బ తట్టుకుంటుంది.

ఈ బలానికి మూల్యం కూడా లోపలే ఉంది. పలక మందంలో ఒక్కో వైపు సుమారు ఐదో వంతు మాత్రమే నొక్కుడు పొర. మధ్యలో మిగిలినదంతా సాగుడు. కిటికీ రబ్బరు బీడింగ్‌లో చిక్కుకున్న ఇసుక వల్ల పడే గీతలు పై పొరలోనే ఆగిపోతాయి కాబట్టి అద్దం నిలుస్తుంది. పదునైన రాయి పై పొరను చీల్చుకుని నడిమి పొరను అందుకుందంటే, అక్కడ దాగి ఉన్న శక్తి పగులును తనే ముందుకు నెడుతుంది. పగులు చీలి, ఆ చీలికలు మళ్లీ చీలి, పలకంతా వ్యాపిస్తుంది.

ఈ వింత గురించి 17వ శతాబ్దంలోనే ఐరోపాలో చర్చ జరిగింది. కరిగిన గాజు చుక్కను నీళ్లలో వేస్తే తోక ఉన్న గాజు బిందువు తయారవుతుంది. దాని తలను సుత్తితో కొట్టినా పగలదు. తోక తుంచితే మొత్తం పొడి అవుతుంది. 1660 ప్రాంతంలో ప్రిన్స్ రూపర్ట్ ఇంగ్లండ్ రాజు రెండో చార్లెస్‌కు వీటిని కానుకగా ఇవ్వడంతో రూపర్ట్ పేరే వీటికి స్థిరపడింది. పరిశోధకులు ఎస్. చంద్రశేఖర్, ఎం. ఎం. చౌధ్రి 1994లో అతివేగపు కెమెరాతో ఈ చుక్కలు పగలడాన్ని చిత్రించారు. పగులు సెకనుకు సుమారు ఒకటిన్నర కిలోమీటరు వేగంతో పాకుతున్నట్టు తేలింది. తర్వాత ఎస్టోనియాలోని టాలిన్ పరిశోధకులతో కలిసి కొలిస్తే, ఆ చుక్క తల మీద నొక్కుడు 700 మెగాపాస్కల్ దాకా ఉన్నట్టు బయటపడింది. కారు పక్క అద్దంలో పనిచేసేది కూడా ఇదే సూత్రం, కాస్త తక్కువ మోతాదులో.

ముక్కలు చిన్నగా కావడం ప్రమాదవశాత్తూ జరిగేది కాదు, కోరి చేసిన ఏర్పాటు. పొడవాటి గాజు కత్తులు మెడకూ ముఖానికీ తగలకూడదనే ఉద్దేశం. ఐక్యరాజ్యసమితి 43వ నంబర్ వాహన నిబంధన ప్రకారం పరీక్ష కోసం అద్దాన్ని పగలగొట్టినప్పుడు, ఐదు సెంటీమీటర్ల చదరంలో కనీసం 40 ముక్కలు లెక్కకు రావాలి. మన దేశంలో వాహనాల గాజుకు ప్రమాణం ఐఎస్ 2553, రెండో భాగం.

మే నెలలో ఎండలో నిలిపిన కారు అద్దం పగిలితే వేడికే పగిలిందని అందరూ అంటారు. టఫెన్డ్ గ్లాస్ 200 డిగ్రీల దాకా ఉష్ణోగ్రత తేడాను తట్టుకుంటుంది. కల్వకుర్తి ఎండ 45 డిగ్రీలకు చేరినా అది ఒక్కటే అద్దాన్ని పగలగొట్టదు. ఎక్కువసార్లు అసలు కారణం అంచు దగ్గర ఉంటుంది. పలక మధ్యలో కంటే అంచు చాలా సున్నితం. తలుపు లోపల ఊడిన బోల్టు రాచుకున్నా, అద్దం పట్టే క్లాంపు వంకరైనా అంచుకు చిన్న దెబ్బ తగులుతుంది. ఆ దెబ్బ ఉన్నచోట ఎండ, గతుకులు మిగతా పని పూర్తి చేస్తాయి. కొత్త అద్దం వేసే ముందు పాతది ఎందుకు పగిలిందో తలుపు లోపల చూడాలని అనుభవమున్న మెకానిక్ అనేది ఇందుకే.

ముందు రూపం, తర్వాత కొలిమి

అద్దాల దుకాణానికి వెళ్లి కొలతలిచ్చి కోయించుకోవచ్చు కదా అన్న ఆలోచన ఎవరికైనా వస్తుంది. టెంపర్ చేసిన గాజును కోయడం సాధ్యం కాదు. వజ్రపు ములుకు పై పొరను దాటగానే పలక పొడి అవుతుంది. అంచులు నూరడం, క్లాంపు బోల్టుకు రంధ్రం వేయడం, ఒంపు తేవడం అన్నీ కొలిమికి ముందే కావాలి. అంటే ప్రతి కారు అద్దం దాని కోసమే చేసిన కొలత పలకతో, దాని కోసమే చేసిన ఒంపు అచ్చుతో పుడుతుంది.

ఒంపు దగ్గర చక్కని జ్యామితి ఉంది. పక్క అద్దం తలుపు లోపలికి దిగాలి. సన్నని సందులో పైకీ కిందికీ జరిగే పలక తన ఒంపు వెంటే తాను జారాలి. బల్లపరుపు పలక అలా జారుతుంది, స్తంభం పైతొక్కలాంటి ఒంపు కూడా జారుతుంది. అన్ని వైపులా ఇష్టం వచ్చినట్టు ఒంగిన పలక జారదు, సందులో పట్టేస్తుంది. పాత జీపుల పక్క అద్దాలు బల్లపరుపుగా ఉండేవి. 1957లో అమెరికాలో వచ్చిన ఇంపీరియల్ కారుతో ఒంపు తిరిగిన పక్క అద్దం ఉత్పత్తి కార్లలోకి వచ్చింది. నేటి కార్లన్నింటిలో దాదాపు ఇదే పద్ధతి. ఒంపు కొద్దిగా తేడా వచ్చినా అద్దం ఒకచోట బీడింగ్‌ను రాస్తుంది, ఇంకోచోట గాలికి, నీటికి దారి వదులుతుంది. వేరే కారు అద్దం చూడటానికి సరిపోయేలా ఉన్నా పనికిరాకపోవడానికి కారణం ఇదే.

ఇక లెక్కల సంగతి. అసాహి ఇండియా, సెయింట్ గోబెన్ సెక్యూరిట్ లాంటి సంస్థలు ఏటా లక్షల కార్లకు అద్దాలు చేస్తాయి. ఎక్కువగా అమ్ముడయ్యే మోడల్ అచ్చు ఎప్పుడూ పనిలోనే ఉంటుంది. కొద్ది వేల కార్లతో ఆగిపోయిన మోడల్ అచ్చును కొలిమికి ఎక్కించాలంటే మిగతా పని ఆపి, యంత్రాన్ని సరిచేసి, కొన్ని పలకలు వృథా పోయాక గానీ సరైన అద్దం రాదు. ఒక్క అద్దం కోసం ఇదంతా ఎవరూ చేయరు. కొన్ని వందలు ఒకేసారి చేసి గోదాములో పెడతారు. ఆ నిల్వ అయిపోయాక కొత్త అద్దం దొరకడం కష్టమవుతుంది.

బండి అరుదైతే

భారత దేశంలో అరుదైన ఎలక్ట్రిక్ కార్లకు ఒక ఉదాహరణ బెంగళూరులో పుట్టింది. చేతన్ మైనీ బృందం అమెరికా భాగస్వామ్యంతో 1994లో స్థాపించిన సంస్థ 2001లో రేవా కారును మార్కెట్‌లోకి తెచ్చింది. ఉక్కు చట్రం, దాని మీద ఏబీఎస్ ప్లాస్టిక్ పలకలు, రెండు తలుపులు, లెడ్ యాసిడ్ బ్యాటరీలు. బ్రిటన్‌లో జీ-విజ్ పేరుతో అమ్మారు, లండన్ వీధుల్లో వెయ్యికి పైగా తిరిగాయి. ప్రపంచం మొత్తం మీద అమ్ముడైనవి మాత్రం కొద్ది వేలే. 2010లో మహీంద్రా ఈ సంస్థలో మెజారిటీ వాటా కొన్నది. 2013 మార్చిలో ఈ2ఓ కారు వచ్చింది. దాన్ని తొలి విడతలో అమ్మిన నగరాల్లో హైదరాబాద్ ఒకటి. ఒక్క చార్జింగ్‌తో 100 కిలోమీటర్లు నడుస్తుందని కంపెనీ చెప్పిన ఆ కారు హైదరాబాద్ నుంచి కల్వకుర్తి చేరేసరికి బ్యాటరీలో మిగిలేది కొంచెమే. 2016లో నాలుగు తలుపుల ఈ2ఓ ప్లస్ వచ్చింది. 2019 నాటికి దాని తయారీ కూడా ఆగిపోయింది.

అలాంటి బండి ఒకటి సెకండ్ హ్యాండ్‌లో చేతులు మారి కల్వకుర్తి చేరిందని, దాని పక్క అద్దం పగిలిందని అనుకుందాం. యజమాని ముందున్న దారులు నాలుగు.

మొదటిది కంపెనీ విడిభాగం. ‘ఈ2ఓ అద్దం’ అని అడిగితే చాలదు. రెండు తలుపులదా, నాలుగు తలుపులదా, ముందుదా, వెనకదా, ఎడమదా, కుడిదా అన్నీ తేలాలి. ఛాసిస్ నంబర్ ఇస్తే సర్వీస్ సెంటర్‌లోని కంప్యూటర్ సరైన విడిభాగం నంబర్ చూపిస్తుంది. ఆ నంబర్ చేతిలో ఉంటే దేశంలో ఏ డీలరు గోదాములో మిగిలి ఉందో వెతికించవచ్చు. ఒక్క ఊరి డీలరు ‘స్టాక్ లేదు’ అన్నంత మాత్రాన దేశమంతటా లేదని కాదు.

రెండోది పాత బండి. ప్రమాదంలో ముందు భాగం దెబ్బతిని మూలనపడ్డ కారు తలుపు అద్దాలు చాలాసార్లు చెక్కుచెదరకుండా ఉంటాయి. హైదరాబాద్‌లో పుత్లిబౌలి, రాణిగంజ్ దుకాణాల్లో అడగవచ్చు. అరుదైన ఎలక్ట్రిక్ కారుకు మాత్రం బెంగళూరు, ఢిల్లీ లాంటి చోట్ల వెతకడం మేలు. ఎక్కడ ఎక్కువ అమ్ముడైతే తుక్కు కూడా అక్కడే ఎక్కువ. అద్దం ఒక్కటే కాకుండా తలుపు మొత్తం కొంటే రవాణాలో పగిలే భయం తగ్గుతుంది. బీడింగ్, అద్దాన్ని పైకీ కిందికీ నడిపే మిషన్ కూడా దానితో వస్తాయి.

మూడోది కొత్తగా చేయించడం. ఒంపు లేని స్థిరమైన చిన్న అద్దమైతే ఇది సాధ్యమే. అట్టతో నమూనా కోసి, మామూలు గాజును ఆ ఆకారంలో కోయించి, అంచులు నూరించి, తర్వాత టఫెనింగ్ కొలిమికి పంపాలి. ఒంపు ఉన్న తలుపు అద్దానికి మాత్రం అచ్చు కావాలి. ఇళ్లకు, షోరూములకు అద్దాలు చేసే కొలిమిలో కాల్చిన గాజు బలంగానే ఉంటుంది గానీ వాహన ప్రమాణం ముద్ర దాని మీద ఉండదు. కేంద్ర మోటారు వాహనాల నియమావళి, 1989లోని 100వ నియమం కారు కిటికీలకు భద్రతా గాజును లేదా భద్రతా గ్లేజింగ్‌ను కోరుతుంది. ముందు, వెనక అద్దాల గుండా కనీసం 70 శాతం, పక్క అద్దాల గుండా కనీసం 50 శాతం వెలుతురు లోపలికి రావాలని కూడా చెబుతుంది.

నాలుగోది పాలికార్బొనేట్ రేకు. తేలిక, కోయడం సులువు, రాయికి పగలదు. కానీ గీతలు త్వరగా పడతాయి. దుమ్ము రేగే దారిలో ప్రతిసారీ తలుపు సందులోకి దిగే రేకు కొన్నాళ్లకే మసకబారుతుంది. అద్దం వచ్చేదాకా తాత్కాలికంగా, కదలని కిటికీకి మాత్రమే ఇది పనికొస్తుంది.

ఖర్చు సంగతిలో యజమానికి అనుకూలమైన విషయం ఒకటుంది. సమగ్ర బీమా ఉన్న బండికి గాజు భాగాల మీద తరుగుదల కోత లేదు. రబ్బరు, ప్లాస్టిక్ భాగాల మీద మాత్రం 50 శాతం కోత ఉంటుంది. కాబట్టి అద్దం విలువకు పూర్తి లెక్క, బీడింగ్‌కు సగం లెక్క. క్లెయిము చేస్తే వచ్చే ఏడాది నో క్లెయిమ్ బోనస్ పోవచ్చు. అద్దం ధర, బోనస్ విలువ పక్కపక్కన పెట్టి చూసుకోవాలి.

తలుపు లోపల

అద్దం దొరికాక మిగిలిన పని కల్వకుర్తి మెకానిక్ చేయగలిగేదే. ఎలక్ట్రిక్ కారు అనగానే కొందరు చేయి పెట్టడానికి జంకుతారు. ఆ జంకు కొంతవరకు మంచిదే. ఎక్కువ వోల్టేజీ ఉండే కార్లలో దాని కేబుళ్లు నారింజ రంగులో ఉంటాయి. వాటిని శిక్షణ లేనివాళ్లు ముట్టుకోకూడదు. అవి బ్యాటరీ, మోటారు, చార్జర్ మధ్య నడుస్తాయి, తలుపుల్లోకి రావు. కిటికీ మోటారుకు, తాళానికి, స్పీకరుకు వచ్చేది పెట్రోల్ కార్లలో ఉన్న 12 వోల్టుల కరెంటే. బండిని పూర్తిగా ఆపి, చిన్న బ్యాటరీ నెగటివ్ తీగ తీసి పని మొదలుపెడతారు. తలుపు తాళాలు కరెంటుతోనే తెరుచుకునే మోడళ్లలో మాత్రం తీగ తీసే ముందు తలుపు తెరిచి ఉంచుకోవాలి.

ముందుగా శుభ్రం. కళ్లద్దాలు, తోలు గ్లౌజులు లేకుండా గాజు ముక్కల జోలికి పోకూడదు. చిన్న ముక్కలు లోతుగా కోయకపోయినా కంట్లో పడితే ప్రమాదమే. కిటికీ స్విచ్ నొక్కి చూడాలన్న తొందర వద్దు. లోపల పడిన ముక్కలు మిషన్ కేబుల్లో ఇరుక్కుంటాయి. హ్యాండిల్ వెనక స్క్రూలు విప్పి, క్లిప్పులు ఒక్కొక్కటిగా వదిలించి డోర్ ప్యాడ్ తీస్తారు. ఎండకు పెళుసెక్కిన క్లిప్పులు విరగడం మామూలే. అరుదైన బండికి అవి కూడా వెంటనే దొరకవు కాబట్టి ప్లాస్టిక్ పట్టీతో నెమ్మదిగా లేపాలి.

ప్యాడ్ వెనక పాలిథిన్ పొర కనిపిస్తుంది. చాలామంది దీన్ని చింపి పారేస్తారు. వాన నీరు అద్దం వెంట తలుపులోకి దిగడం సహజం. ఆ నీరు కింది రంధ్రాల గుండా బయటికి పోవాలి, లోపలి స్విచ్‌ల వైపు రాకూడదు. ఆ కాపలా పొరదే. కొన్ని కొత్త కార్లలో పక్క నుంచి గుద్దినప్పుడు తలుపు లోపలి గాలి ఒత్తిడి మార్పును పసిగట్టి ఎయిర్‌బ్యాగ్‌ను తెరిపించే సెన్సర్ ఉంటుంది. పొర చిరిగి గాలి దారి తప్పితే ఆ సెన్సర్ లెక్క కూడా తప్పవచ్చు.

తర్వాత వాక్యూమ్‌తో తలుపు అడుగున ఉన్న ముక్కలన్నీ తీయాలి. ఇక్కడ ఓపిక పడితే తర్వాత నెలల తరబడి గలగలలు వినాల్సిన పని ఉండదు. నీళ్లు పోయే రంధ్రాలు మూసుకుపోవు. ఛానెల్ రబ్బరులో ఇరుక్కున్న ఒక్క ముక్క చాలు, కొత్త అద్దం మీద మొదటి రోజే గీత పెట్టడానికి. అద్దాన్ని ఏటవాలుగా దించి, ఛానెల్‌లో కూర్చోబెట్టి, క్లాంపు బోల్టులు వదులుగా బిగించి, పైదాకా ఎత్తి సర్దుబాటు చేశాకే పూర్తిగా బిగిస్తారు. గాజుకూ ఇనుముకూ మధ్య ప్లాస్టిక్ లేదా రబ్బరు దిండు తప్పనిసరిగా ఉండాలి.

కదలని చిన్న అద్దమైతే పాలియురిథేన్ జిగురుతో అతికిస్తారు. ఈ జిగురు గాలిలోని తేమతో గట్టిపడుతుంది. వానకాలంలో త్వరగా, పొడిగాలి వీచే ఏప్రిల్, మే నెలల్లో ఆలస్యంగా గట్టిపడుతుంది. ట్యూబు మీద రాసిన వ్యవధికి తోడు మరికొంత సమయం బండిని కదపకుండా ఉంచడం ఈ ప్రాంతానికి తగిన జాగ్రత్త.

బిగించాక

అద్దం మూలన ఉండే చిన్న ముద్రను యజమాని తప్పక చదవాలి. తయారీ సంస్థ పేరు, ఐఎస్ఐ గుర్తు, ప్రమాణం నంబర్, గాజు రకం అందులో ఉంటాయి. ఎలక్ట్రిక్ కార్లకు ఇంజన్ చప్పుడు లేక గాలి హోరు ఎక్కువగా వినిపిస్తుంది. అందుకే కొన్ని ఖరీదైన మోడళ్లలో పక్కన కూడా లామినేటెడ్ గాజు వాడుతున్నారు. అది శబ్దాన్ని తగ్గిస్తుంది, దొంగను ఆలస్యం చేస్తుంది. అయితే ప్రమాదంలో బయటపడటానికి అద్దం పగలగొట్టే చిన్న సుత్తులు దాని మీద పనిచేయవు. అమెరికా వాహనదారుల సంఘం ఏఏఏ 2019లో ఆరు పరికరాలను పరీక్షిస్తే నాలుగు టెంపర్డ్ గాజును పగలగొట్టాయి. లామినేటెడ్ గాజును ఒక్కటీ పగలగొట్టలేకపోయింది. తన కారులో ఏ కిటికీకి ఏ గాజు ఉందో కుటుంబంలో అందరికీ తెలిసి ఉండాలి.

తెలంగాణ ప్రభుత్వం 2024 నవంబర్ 18 నుంచి ఎలక్ట్రిక్ వాహనాలకు రోడ్డు పన్ను, రిజిస్ట్రేషన్ రుసుము పూర్తిగా మినహాయించింది. ఈ వెసులుబాటు 2026 డిసెంబర్ 31 వరకు ఉంటుందని ప్రకటించింది. ఇలాంటి మినహాయింపులతో కొత్త కంపెనీల బండ్లు చిన్న ఊళ్లకు వస్తాయి. వాటిలో కొన్ని మోడళ్లు కొన్నేళ్లకే ఆగిపోతాయి. కొనేవాడికి రాయితీ ఎంత ముఖ్యమో, పదేళ్ల తర్వాత తలుపు అద్దం దొరకడమూ అంతే ముఖ్యం. విడిభాగాలను బయటి మార్కెట్‌లో దొరకనివ్వడం లేదన్న ఫిర్యాదు మీద భారత పోటీ కమిషన్ 2014 ఆగస్టులో 14 కార్ల కంపెనీలకు 2,544 కోట్ల రూపాయలకు పైగా జరిమానా విధించింది. దాని మీద న్యాయపోరాటాలు నడిచాయి. 2022 జూలైలో కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ మరమ్మతు హక్కు మీద సంఘాన్ని వేసింది, అదే ఏడాది డిసెంబర్‌లో పోర్టల్ తెరిచింది. అందులో వాహనాలు కూడా ఉన్నాయి. ఆగిపోయిన మోడళ్ల అద్దాల ఒంపు, కొలతలు బయటి తయారీదారులకు అందేలా చేయడం ఆ సంఘం ఉద్దేశానికి సరిగ్గా సరిపోయే పని. అచ్చు మళ్లీ చేయడానికి కావలసింది కొలతలే, వాటిని దాచడం వల్ల ఎవరికీ మేలు లేదు.

అద్దం బిగించిన రోజే చేయవలసిన పరీక్షలు మూడు. కిటికీని కొన్నిసార్లు పూర్తిగా పైకీ కిందికీ నడిపి, మధ్యలో ఎక్కడైనా ఆగుతోందేమో చూడాలి. ఒకే నొక్కుతో మూసుకునే కిటికీలైతే, బ్యాటరీ తీగ తీసినందుకు వాటికి పైహద్దు, కిందిహద్దు మళ్లీ నేర్పాలి. లేకపోతే చేయి అడ్డం వచ్చినప్పుడు ఆగే ఏర్పాటు సరిగా పనిచేయకపోవచ్చు. చివరగా పైపుతో తలుపు మీద నీళ్లు పట్టి, అడుగు రంధ్రాల నుంచి నీరు ధారగా బయటికి వస్తోందా, లోపల డోర్ ప్యాడ్ పొడిగా ఉందా అని చేత్తో తడిమి చూడాలి.